విమానం పిలుపుకి వేళ

నర్సీపట్నం నుంచి అనకాపల్లి మీదుగా విశాఖ వెళ్లే బస్సెక్కిన మనవాళ్లందరికీ ఎన్.ఎ.డి. కొత్త రోడ్డు తెలిసినదే. ఆ కూడలి పేరులోని మూడక్షరాలు నేవల్ ఆర్మమెంట్ డిపోవి, అంటే నౌకాదళ ఆయుధాగారానివి. 2016 జూలై 22న ఆ డిపో ఉద్యోగులు ఎనిమిదిమంది పోర్ట్‌బ్లెయిర్ వెళ్లడానికి చెన్నై దగ్గరి తాంబరం వైమానిక స్థావరంలో ఏఎన్-32 విమానం ఎక్కారు. సిబ్బందితో కలిపి అందులో ఉన్నవారు 29 మంది. ఉదయం 8.30కి విమానం లేచింది. 9.12కి చెన్నైకి తూర్పున 151 నాటికల్ మైళ్ల దూరంలో రాడార్ తెర మీద ఆఖరుసారి కనిపించింది. 23 వేల అడుగుల ఎత్తు నుంచి ఎడమకు తిరుగుతూ వేగంగా కిందికి దిగిపోయిందని అప్పటి రక్షణ మంత్రి శ్రీ మనోహర్ పారికర్ పార్లమెంటులో చెప్పారు. ఏ ఫ్రీక్వెన్సీ మీదా ఆపద పిలుపు రాలేదు.

ఇంత విజ్ఞానం పెరిగిన రోజుల్లో ఒక విమానం ఎక్కడుందో తెలియకపోవడమేమిటని ఆ రోజుల్లో అడగనివారు లేరు. రేడియో లేదా? నిమిషానికోసారి మాట్లాడరా? రేడియో ఉంది. కానీ నిమిషానికోసారి మాట్లాడరు. ఎప్పుడు మాట్లాడాలి, ఎంతసేపు మాట్లాడకపోతే కంగారు పడాలి అన్నదానికి వందేళ్ల చరిత్ర ఉంది.

మనలో రైల్వేలో చేసి రిటైరైనవారికి ఇది సులువుగా బోధపడుతుంది. నర్సీపట్నం రోడ్డు స్టేషన్ మాస్టరు పక్క స్టేషన్ నుంచి లైన్ క్లియర్ రానిదే బండిని వదలరు. ఒక బ్లాకులో ఒకే బండి. ఆకాశంలో పట్టాలూ లేవు, సిగ్నలు స్తంభాలూ లేవు. పైగా విమానాన్ని ఔటర్‌లో నిలబెట్టినట్టు నిలబెట్టలేం. అందుకని అక్కడ బ్లాకును నిమిషాలతో కట్టారు. రాడార్ లేనిచోట ఒకే దారిలో, ఒకే ఎత్తులో వెళ్లే రెండు విమానాల మధ్య 15 నిమిషాల ఎడం ఉండాలి. దారి చూపే సాధనాలు బాగుంటే 10 చాలు. ముందుది వెనకదానికంటే 20 నాట్లు ఎక్కువ వేగంతో పోతుంటే 5, 40 నాట్లు ఎక్కువైతే 3. పైలట్ ఒక్కొక్క గుర్తింపు స్థానం దాటగానే తన పేరు, స్థానం, దాటిన వేళ, ఎత్తు, తర్వాతి స్థానానికి ఎప్పుడు చేరతాడో చెబుతాడు. కంట్రోలర్ దాన్ని తన ముందున్న కాగితపు పట్టీ మీద రాసుకుంటాడు. చెప్పిన వేళలో 3 నిమిషాలకు మించి తేడా వచ్చేటట్లుంటే పైలట్ మళ్లీ పిలిచి దిద్దాలన్నది చాలా ఏళ్లపాటు ఉన్న నిబంధన. తర్వాత దాన్ని 2 నిమిషాలకు తగ్గించారు. అంటే కంట్రోలర్ చూస్తున్నది విమానాన్ని కాదు, గడియారాన్ని.

మొదట్లో ఇదంతా లేదు. 1932 అక్టోబరు 15న శ్రీ జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా తెచ్చిన చిన్న విమానంలో రేడియోయే లేదు. లండన్ పక్కన క్రాయిడన్‌లో 1920ల్లోనే విమానాలతో రేడియో సంభాషణ మొదలైంది. 'మేడే' అన్న ఆపద పిలుపును ఆ క్రాయిడన్ రేడియో అధికారి మాక్‌ఫోర్డ్ సూచించాడు. సహాయం చేయండి అనే ఫ్రెంచి మాటకు అది అనుకరణ. వేళ పాటించడం అంతకుముందే ఓడలవాళ్లకి అలవాటు. టైటానిక్ మునిగిన తర్వాతి కాలంలో ఏర్పడిన నియమాల ప్రకారం ప్రతి గంటలోనూ 15 నుంచి 18వ నిమిషం వరకు, 45 నుంచి 48 వరకు ఓడల రేడియోలన్నీ నోరు మూసుకుని వినాలి. బలహీనమైన ఆపద సంకేతం ఏదైనా ఉంటే అప్పుడు వినపడుతుందని. ఓడల రేడియో గదుల గడియారాల మీద ఆ భాగాలకు ఎర్ర రంగు వేసేవారు. మోర్స్‌తో ఉద్యోగం చేసిన మన తంతి శాఖ మిత్రులకు ఆ గడియారం ముచ్చటగా ఉంటుంది.

ముందుగా వేళలు నిర్ణయించుకున్నా పని కాని సందర్భం 1937 జూలై 2న వచ్చింది. అంతకు రెండు వారాల ముందు కరాచీ, కలకత్తాల్లో దిగి వెళ్లిన అమీలియా ఇయర్‌హార్ట్ పసిఫిక్‌లో హౌలాండ్ దీవిని వెతుక్కుంటూ మాయమయింది. గంటకు పావు ముందు, పావు తర్వాత తాను పిలవాలని ఏర్పాటు. ఆమెది గ్రీనిచ్ కాలం. ఎదురుచూస్తున్న ఇటాస్కా ఓడది దానికి అరగంట తేడాతో నడిచే కాలం. అందువల్లే పొరపాటు జరిగిందని కొందరు రాశారు. నాకు ఆ వాదన పూర్తిగా రుచించదు. అరగంట జరిపినా పావు పావుగానే ఉంటుంది కదా! ఆమె మాట ఓడకు వినిపించింది, ఓడ మాట ఆమెకు అందలేదు. తప్పు గడియారంలో కంటే రేడియోలో వెతకాలి. ఏమైనా నేడు విమానయానం మొత్తం ఒకే కాలం మీద నడుస్తోంది. మన 9.12 వాళ్ల పుస్తకంలో 3.42.

ఇక సముద్రం సంగతి. విమానాలు మాట్లాడే వి.హెచ్.ఎఫ్. రేడియో దాదాపు చూపు ఆనినంత మేరే పనిచేస్తుంది. 23 వేల అడుగుల ఎత్తులో అది సుమారు 185 నాటికల్ మైళ్లు, అంటే 340 కిలోమీటర్ల పైచిలుకు. చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్ 1,300 కిలోమీటర్లకు పైమాటే. మధ్యలో హెచ్.ఎఫ్. రేడియోయే గతి. పాత రోజుల్లో సిలోన్ స్టేషన్ పట్టడానికి మనం పడ్డ అవస్థ తలుచుకోండి, అటువంటి గరగరలో మాట్లాడాలి. ఎప్పుడూ చెవి ఒగ్గి కూర్చోలేరు కనుక నేల మీదివారు పిలిస్తే కాక్‌పిట్‌లో గంట మోగే ఏర్పాటుంది. ఒక ఫ్రీక్వెన్సీ మీద ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు ఆగాలి. ఆగకపోతే ఏమవుతుందో 1977 మార్చి 27న టెనెరిఫ్‌లో తెలిసింది. పొగమంచులో రన్‌వే మీద ఒక జంబో పరుగుకు సిద్ధంగా ఉంది, ఇంకోటి అదే రన్‌వే మీద నడుస్తోంది. 'ఆగు, పిలుస్తాను' అని టవరు, 'మేమింకా రన్‌వే మీదే ఉన్నాం' అని రెండో విమానం ఒకే క్షణంలో పలికాయి. రెండూ కలిసి మొదటి విమానంలో ఒక కీచు శబ్దంగా వినపడ్డాయి. 583 మంది పోయారు.

మరి మౌనం ఎంతసేపైతే ప్రమాదం? అంతర్జాతీయ నిబంధనలో మూడు మెట్లున్నాయి. రావలసిన పిలుపు 30 నిమిషాలు దాటినా రాకపోతే అది సందేహ దశ. విచారించినా జాడ దొరకకపోతే ఆందోళన దశ. ఆ తర్వాతది ఆపద దశ. అరగంట ఎందుకంటే రేడియో పాడవడం, ఉరుముల గొడవ మామూలే. ప్రతిసారీ వెతుకులాట పంపలేరు. కానీ కింద పడే విమానానికి అరగంట అక్కర్లేదు. 2014 మార్చి 8న మలేషియా విమానం ఎంహెచ్370 పైలట్లు తెల్లవారుజామున 1.19కి చివరిసారి మాట్లాడారు. హోచిమిన్ కంట్రోలర్ అది నాకు చేరలేదే అని కౌలాలంపూర్‌ను అడిగింది 1.39కి. ఆపద దశ ప్రకటించేసరికి 6.32 అయింది. అందుకే మహాసముద్రాల మీద పెద్ద ప్రయాణికుల విమానాల స్థానం 15 నిమిషాలకోసారి సంస్థకు తెలియాలనే నిబంధన 2018 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. సైనిక విమానాలకు అది వర్తించదు.

ఏఎన్-32 కోసం నౌకలు, విమానాలు, జలాంతర్గామి వారాల తరబడి వెతికాయి. శకలం దొరకలేదు. ఇళ్లలో ఉన్నవారికి అది మరో రకం లెక్క. చట్టప్రకారం కనపడని మనిషి మరణించినట్లు భావించడానికి 7 ఏళ్లు కావాలి. కేంద్ర ఉద్యోగి కనిపించకుండా పోతే, పోలీసు ఫిర్యాదు ఇచ్చిన 6 నెలలకు హామీ పత్రం మీద కుటుంబ పెన్షన్ మంజూరు చేసే వీలుంది. పూర్వం ఏడాది ఆగవలసి వచ్చేది. ఈ సంగతి మన సభ్యుల కుటుంబాల్లోనూ చాలామందికి తెలియదు కనుక రాస్తున్నాను. ఈ విమానం విషయంలో అన్నాళ్లు ఆగలేదు. అందులో ఉన్నవారు మరణించినట్లే భావిస్తున్నామని 2016 సెప్టెంబరులోనే కుటుంబాలకు ఉత్తరాలు వెళ్లాయి. ఉత్తరం అందినా, సముద్రం ఏమీ తిరిగివ్వని చోట నమ్మడం ఎవరికి చేతనవుతుంది?

2024 జనవరిలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారి మనిషి లేని యంత్రం చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరాన, 3,400 మీటర్ల లోతున అడుగును ఫోటోలు తీసింది. వాటిలో ఏఎన్-32 శకలాలు కనిపించాయి. ఆ చుట్టుపక్కల పోయిన విమానం మరొకటి లేదు కనుక అవి దానివేనని రక్షణ శాఖ తెలిపింది. అప్పటికి ఏడున్నర ఏళ్లు గడిచాయి.