బయానా నుంచి యాప్ దాకా



ఈ వరుసలో ఇంతవరకూ కృష్ణా డెల్టాలో మన భూమి గురించి, మన చదువుల గురించి రాశాను. ఈ భాగం అప్పు గురించి. రాయడానికి చాలాకాలం తటపటాయించాను. కారణం సిగ్గు. ఆ సిగ్గు ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోతే ఈ చరిత్ర దొరికింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టేనాటికి నేను మచిలీపట్నం వైపు ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెబుతున్నాను. ఏప్రిల్ జీతం సగం వచ్చింది. మే జీతం రాలేదు. జూన్‌లో "పరిస్థితి చూస్తున్నారుగా మాస్టారూ, కబురు చేస్తాం" అన్నారు. కబురు రాలేదు. అప్పటికి నామీద చెల్లెలి పెళ్లికి తీసుకున్న బ్యాంకు పర్సనల్ లోను 4 లక్షలుంది. చేబదుళ్లు 60 వేలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. సగంలో ఉన్న చీటీ ఒకటి. డాక్టరేటు ఉంది, జీతం లేదు. అమ్మ చిలకలపూడి రోల్డ్ గోల్డ్ పని ఇంటికి తెచ్చుకుని గొలుసులు అల్లేది. ఆ పనీ ఆగింది. ఏళ్ల తరబడి నగలు చేసిన మా ఇంట్లో తాకట్టు పెట్టడానికి కాసు బంగారం లేదు.

ఆగస్టులో ఫోన్‌లో ఒక లోన్ యాప్ దించుకున్నాను. 5 వేలు అడిగితే చేతికి 3,500 వచ్చాయి. 7 రోజుల్లో 5 వేలు కట్టాలి. ఒకదాన్ని తీర్చడానికి రెండోది, రెండోదానికి మూడోది. నాలుగో వారం నా పాత విద్యార్థి ఫోన్ చేశాడు.

"సార్, ఎవరో ఫోన్ చేసి మీ సార్ దొంగ, డబ్బు ఎగ్గొట్టాడు, నువ్వైనా చెప్పు అంటున్నారు. మీకు చెప్పాలా వద్దా అని రెండ్రోజులు ఆలోచించాను సార్."

వాడు మా వాడ పిల్లాడు. వాళ్ల నాన్నతో మాట్లాడి డిగ్రీలో చేర్పించింది నేనే. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. అమ్మకు విషయం చెప్పక తప్పలేదు. ఆమె తిట్టలేదు. "మీ తాత ఇట్టాగే తలొంచుకున్నాడు. మీ నాన్నా తలొంచుకున్నాడు. నువ్వు కూడా వంచుకోవడానికా ఇంత చదివింది?" అంది.

అప్పు వ్యక్తిగతమంటారు. జాగ్రత్త లేనివాడికే అప్పులవుతాయంటారు. మా ఇంట్లో మూడు తరాలు వరసగా జాగ్రత్త లేనివాళ్లేనా? ఈ ప్రశ్నతో మొదలుపెడదాం.

బందరు నుంచే మొదలుపెడదాం. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తక స్థావరం పెట్టింది. డచ్చివాళ్లు అంతకుముందే వచ్చారు. వాళ్లందరికీ కావలసింది బట్ట. నేతగాడి దగ్గర నూలు కొనే డబ్బుండదు కాబట్టి దళారీ ద్వారా ముందుగా బయానా ఇచ్చేవారు. బయానా తీసుకున్నాక ఆ బట్టను ఇంకొకరికి ఎక్కువ ధరకు అమ్ముకునే వీల్లేదు. బట్ట నాసిగా ఉందని ధర తగ్గిస్తే, తగ్గినంత బాకీ నేతగాడి పద్దులో పడేది. చూడటానికి అది పెట్టుబడి. పని చేసే చోట అది పలుపు. ఆ పలుపు కట్టినవాళ్లు పందొమ్మిదో శతాబ్దంలో కొనుగోళ్లు ఆపేశారు, మిల్లు బట్ట వచ్చి పడింది. ఊళ్ల కోసం ముతక బట్ట నేసిన మాల నేతగాళ్ల మగ్గాలకూ అదే గతి పట్టింది. పని పోయింది, కడుపు మిగిలింది.

1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. డెల్టాకు కాలవలు వచ్చాయి, వరి వచ్చింది, వరితోపాటు పాలేరుతనం గట్టిపడింది. మగ్గం పోయినవాడికీ, సెంటు భూమి లేనివాడికీ దొరికిన పని అదే. మన సాహిత్యంలో ఈ మనిషి కనబడటానికి చాలాకాలం పట్టింది. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'లో సంగదాసు వచ్చాడు. తర్వాత బోయి భీమన్న 'పాలేరు' నాటకంలో పాలేరు కుర్రవాడు చదువుకుని అధికారి అయ్యాడు. ఆ నాటకాన్ని క్లాసులో చెప్పినప్పుడల్లా నాకు మా నాన్న గుర్తొస్తాడు. ఆయన అధికారి కాలేదు.

మా తాత గుడివాడ వైపు ఒక ఊళ్లో పాలేరు. ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యమని జీతం. మా మేనత్త పెళ్లికి ఆసామి దగ్గర కొంత డబ్బు తీసుకున్నాడు. ఆ డబ్బు జీతంలో కోసుకుంటూ పోయారు. జీతం చాలక మళ్లీ తీసుకున్నాడు. పద్దు రాసేది ఆసామి, చదివేది ఆసామి, వేలిముద్ర మాత్రం తాతది. తాత జబ్బుపడి పనిలోకి పోలేకపోయిన ఏడాది, బాకీ కింద మా నాన్న గేదెల వెంట వెళ్లాడు. అప్పటికి ఆయనకు తొమ్మిదేళ్లు. ఇక్కడ గమనించండి. బాకీ ఉన్నంతకాలం పని వదిలిపోలేడు. పని చేసే ఒళ్లు పోయినా బాకీ వదలదు. అప్పు, పని అని రెండు మాటలు వాడుతున్నాం గానీ మన వాడలో అవి ఒకే తాడుకి రెండు కొసలు.

ఈ తాడుకి చట్టం కూడా ముడివేసింది. 1859లో ప్రెసిడెన్సీ నగరాల కోసం ఒక చట్టం చేశారు. దాన్ని ఇతర ప్రాంతాలకూ విస్తరించే వీలు పెట్టారు. బయానా తీసుకుని పని మానేసిన కూలీని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టవచ్చు. పని చెయ్యమనో, డబ్బు కట్టమనో ఆజ్ఞ ఇస్తారు. వినకపోతే మూడు నెలల దాకా కఠిన శిక్ష. 1869లో తమ దేశంలో అప్పుకు జైలు చాలావరకు ఎత్తేసుకున్న దొరలు, ఇక్కడి కూలీ మీద ఈ చట్టాన్ని 1926 దాకా ఉంచారు. ఇంట్లో దీపం, పొరుగింటికి చీకటి.

రుణ ఉపశమనం మాటో? అది కూడా చూద్దాం. ప్రపంచ ఆర్థికమాంద్యంలో ధాన్యం ధర పడిపోయి రైతులు మునిగిపోతే, 1938లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు రాష్ట్రంలో వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం తెచ్చింది. మంచి చట్టమే. పాత అప్పుల మీద 1937 అక్టోబర్ 1 నాటికి పేరుకున్న వడ్డీ కొట్టేసింది. అసలుకు రెట్టింపు కట్టినవాడి అప్పు తీరినట్టే అంది. కానీ వ్యవసాయదారుడంటే ఎవరు? అమ్ముకోగల హక్కుతో భూమి ఉన్నవాడు. నారు పోసి, ఊడ్చి, కోసి, నూర్చిన మా తాతల తరం ఆ నిర్వచనంలో వ్యవసాయదారులు కారు. ఆ ఒక్క వాక్యం దగ్గర మన వాడ మొత్తం గట్టు బయట ఆగిపోయింది. 2008లో కేంద్రం చేసిన రుణమాఫీ, 2014 తర్వాత రాష్ట్రం చేసిన రుణమాఫీ కూడా వ్యవసాయ రుణాల లెక్కతోనే నడిచాయి. రైతుకు మాఫీ వద్దని నేననడం లేదు. రైతు అప్పు దేశం సమస్య, కూలీ అప్పు కూలీ గుణం అన్న తేడా ఎవరు పెట్టారని అడుగుతున్నాను.

బ్యాంకు కూడా మన ఊళ్లోనే పుట్టింది. 1923 నవంబరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులోనే ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. మనకు గర్వకారణమే. కానీ బ్యాంకు హామీ అడుగుతుంది. హామీ పెట్టడానికి ఆస్తి ఉండాలి. లేనివాడు బ్యాంకు మెట్ల దగ్గర నుంచి మళ్లీ ఆసామి అరుగు దగ్గరికే పోవాలి.

అమ్మ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆమెకు పదేళ్లు. అధికారిక లెక్కే పదివేల మందికి దగ్గర. సముద్రం ఒడ్డున, పల్లంలో, మట్టి గోడల మధ్య ఉన్నవాళ్లెవరో మీకు తెలుసు. ఉప్పునీరు నిలిచిన పొలంలో కూలి పని ఉండదు. అంటే ప్రాణాలతో మిగిలినవాళ్లకు ఇల్లూ పోయింది, పనీ పోయింది. అమ్మ ఇప్పటికీ ఒక మాట అంటుంది: "కొట్టుకుపోయిన వాటిల్లో ఆసామి పద్దు పుస్తకం మటుకు లేదురా."

ఈ చరిత్రలో నన్ను అన్నిటికంటే బాధపెట్టే తేదీ వేరే ఉంది. 1975 అక్టోబరులో వెట్టిచాకిరి రద్దు ఆర్డినెన్సు వచ్చింది, 1976లో అది చట్టమైంది. అప్పు కింద చేయించే చాకిరి చెల్లదని, ఆ అప్పు కూడా రద్దయినట్టేనని అందులో స్పష్టంగా ఉంది. అమలు బాధ్యత జిల్లా మేజిస్ట్రేటుది. అంతకుముందే రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది. ఆ చట్టం వచ్చిన తర్వాత కూడా మా నాన్న మూడేళ్లు గేదెల వెంట తిరిగాడు. మా తాత బాకీ తీరుస్తూనే చనిపోయాడు. లేని అప్పు తీర్చాడు! ఎవరూ వచ్చి చెప్పలేదు. చెప్పవలసినవాళ్లకు అవసరం లేదు, అవసరమైనవాళ్లకు చదువు లేదు.

తర్వాత సూక్ష్మరుణాలు వచ్చాయి. హామీ అక్కర్లేదన్నారు. నిజానికి హామీ ఉంది, అది పక్కింటి ఆడమనిషి. గుంపులో ఒకరు వారం కిస్తీ కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. కూలి దొరకని వారం ఆసామి రావక్కర్లేదు, మన వీధే మన ఇంటి మీదికి వస్తుంది. సిగ్గును ఇంత చవకగా వసూలు యంత్రంగా మార్చినవాళ్లు అంతకుముందు లేరు. వసూళ్ల వేధింపులూ, ఆత్మహత్యల ఆరోపణలూ పెరిగి, 2006 మార్చిలో కృష్ణా జిల్లా యంత్రాంగం రెండు పెద్ద సంస్థలకు చెందిన 50 దాకా శాఖలు మూయించింది. దేశమంతా మన జిల్లా వైపు చూసింది. 2010 అక్టోబరులో రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చింది, మరుసటి ఏడాది చట్టమైంది. వడ్డీ అసలును మించకూడదన్న పాత సూత్రం మళ్లీ అందులో కనబడింది.

ఇప్పుడు నా యాప్ దగ్గరికి రండి. ముందే కోసుకుని ఇవ్వడం బయానా నాటి పద్ధతి. పద్దు వాడి చేతిలోనే ఉండటం ఆసామి పద్ధతి. మన చుట్టూ ఉన్నవాళ్లతో అవమానం చేయించడం సూక్ష్మరుణం పద్ధతి. ఫోన్‌లోని పేర్ల జాబితా ఒక్కటే కొత్తది. ఇది అర్థమైన రోజున నా తల కొంచెం పైకి లేచింది.

తర్వాత ఏం చేశానో చెబుతాను, ఎందుకంటే ఇది చదివేవాళ్లలో రేపు ఉద్యోగం పోయేవాళ్లు ఉంటారు. మొదట అప్పులన్నీ ఒక కాగితం మీద రాశాను. ఎవరికి, ఎంత, ఏ వడ్డీకి, ఏ సంతకం పెట్టి. రాసేదాకా అది భయం, రాశాక లెక్క. చేబదుళ్లలో 20 వేలు మా వాడలో ఒక ఒంటరి మనిషివి. ఆమె డ్వాక్రాలో తీసి నాకిచ్చింది. అందరికంటే ముందు ఆమెకు తీర్చాను. మన అప్పుల్లో మనవాళ్లూ ఉంటారు, ఆ బాకీని మిగతావాటితో కలపకండి. యాప్‌వాళ్లకు చేతికొచ్చిన అసలు కట్టి, బెదిరింపులన్నీ భద్రం చేసి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాను.

బ్యాంకు మారటోరియం ఆగస్టు ఆఖరు దాకా వాడుకున్నాను. కిస్తీ ఆగింది గానీ వడ్డీ ఆగలేదని తర్వాత తెలిసింది. అప్పుడు రిజర్వు బ్యాంకు ప్రకటించిన పునర్వ్యవస్థీకరణ కింద రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, రసీదు తీసుకున్నాను. మూడుసార్లు తిప్పి, గడువు రెండేళ్లు పెంచారు. గెస్టు లెక్చరర్ జీతంతో మెల్లగా తీర్చాను.

మీరు గుర్తుంచుకోవలసినవి కొన్ని. కట్టలేని పేదరికానికి మనిషిని జైల్లో పెట్టకూడదని 1980లోనే సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పిచ్చారు. అయితే చెక్కు బౌన్సు కేసు వేరు, సమను వస్తే తప్పించుకు తిరగొద్దు. ఖాళీ ప్రోనోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టొద్దు. బ్యాంకుల వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని 2022లో రిజర్వు బ్యాంకు చెప్పింది. షెడ్యూల్డు కులాలవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. నలుగురిలో కులం పేరుతో తిడితే అది వసూలు కాదు, అట్రాసిటీ.

అప్పు ఎగ్గొట్టమని నేను చెప్పడం లేదు. ఉన్న అప్పును లెక్కగా చూడమంటున్నాను. సిగ్గు కింద వసూలు చేసే దాన్ని మాత్రం కట్టొద్దు. ఆ బాకీ మా తాత ఎప్పుడో తీర్చేశాడు.

ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఎవరి దగ్గర, ఎంత తీసుకున్నారు, ఎన్నేళ్లు చాకిరి చేశారు, 1976 చట్టం సంగతి వాళ్లకు ఎవరైనా చెప్పారా? వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి. ఇన్నాళ్లూ పద్దు ఆసామి రాశాడు. ఇక మనం రాద్దాం.

జై భీమ్.