తెలుగువారికి స్వేచ్ఛా నిర్వాహక వ్యవస్థ: ఉబుంటు చరిత్రయు భాషాస్వరూపమును

గణనయంత్రము నేడు లేఖినికిని, లెక్కల పుస్తకమునకును, గ్రంథాలయమునకును మాఱుగా నిలిచియున్నది. అట్టి యంత్రమును నడపు మూలసాధనమును నిర్వాహక వ్యవస్థ యందురు. వాడుకలో ఆపరేటింగ్ సిస్టమ్ అను పేరే ప్రసిద్ధము. యంత్రమందలి జ్ఞాపకస్థానమును, తెరను, మీటల పలకను, ముద్రణయంత్రమును ఒక క్రమమునకు దెచ్చి, మనము కోరిన పనిని వానిచే చేయించునది ఇదియే. ఇట్టి వ్యవస్థలలో క్రొత్తగా నేర్చువారికి సుగమమని పేరొందిన ఉబుంటు యొక్క చరిత్రమును, లక్షణములను, అందు తెలుగునకు లభించిన స్థానమును ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి. తెలుగుశాఖవారి పత్రికలో ఈ విషయమునకు చోటేమి యని కొందఱు శంకింపవచ్చును. ఒక యంత్రము నేర్చువానికి సులభమగుట యనగా నేమి యను ప్రశ్నకు సమాధానము తుదకు భాషయందే కలదని మా యభిప్రాయము. అందుచే నిది మన విచారణకు వెలుపలిది కాదు.

ఉబుంటు ఒక్కనాట పుట్టినది కాదు. ఒకదానిపై నొకటిగా నాలుగు ప్రయత్నములు కూడి ఈ రూపము నేర్పఱచినవి. మొదటిది గ్నూ. రిచర్డ్ స్టాల్‌మన్ 1983 సెప్టెంబరు 27వ తేదీన దీనిని ప్రకటించెను. యూనిక్స్ వ్యవస్థను పోలినదైనను, ఎవరైనను నడుపుకొనుటకును, లోపలి రచనను పరిశీలించి మార్చుకొనుటకును, ప్రతులను పంచుటకును, మార్చిన ప్రతులను సైతము పంచుటకును హక్కు గల వ్యవస్థ కావలెనని ఆయన సంకల్పము. ఈ హక్కులకు చట్టబద్ధమైన రక్షణగా 1989లో జనరల్ పబ్లిక్ లైసెన్సు అను అనుమతిపత్రము వెలువడెను. ఆంగ్లమున ‘ఫ్రీ’ యను నొక్క మాటకే ‘ఉచితము’ అనియు ‘స్వేచ్ఛ గలది’ అనియు రెండర్థము లుండుటచే అచ్చటివారు ఈ భేదమును మాటిమాటికి వివరింపవలసి వచ్చినది. తెలుగున ఈ చిక్కు లేదు. రెండర్థములకు రెండు మాటలు మనకు సిద్ధముగా నున్నవి.

రెండవది లినక్స్. 1991లో ఫిన్లండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వ్యవస్థకు గుండెకాయ వంటి కెర్నలును వ్రాసి, మఱుసటి యేట దానిని పై అనుమతిపత్రము క్రిందికి తెచ్చెను. మూడవది డెబియన్. 1993 ఆగస్టున ఇయన్ మర్డాక్ ప్రారంభించిన ఈ సంకలనము గ్నూ సాధనములను, లినక్స్ కెర్నలును, వేలకొలది ఇతర సాధనములను పొట్లములుగా కట్టి ఒక్కచోట చేర్చెను. నిర్దుష్టతకు డెబియన్ పెట్టినది పేరు. కాని యంత్రమున దానిని ప్రతిష్ఠించుట ఆ కాలమున నిపుణులకే సాధ్యముగా నుండెను.

ఈ కొఱత తీర్చుటకు వచ్చినది నాలుగవదగు ఉబుంటు. దక్షిణాఫ్రికావాసి మార్క్ షటిల్‌వర్త్ కెనానికల్ అను సంస్థను నెలకొల్పి, డెబియన్ పునాదిపై నిర్మింపజేసిన ఈ వ్యవస్థ 2004 అక్టోబరు 20వ తేదీన వెలువడెను. ఉబుంటు ఆఫ్రికా దక్షిణభాగపు భాషలకు చెందిన పదము. తోడివారియెడల మానవత్వమని దాని తాత్పర్యము. తొలి ప్రతికి 4.10 అను సంఖ్య నిచ్చిరి. ఇది సంవత్సరమును నెలను తెలుపు సంఖ్యయే గాని వేఱొండు కాదు. ఆఱు నెలలకొక ప్రతి వెలువడవలెనని నియమము. 2006 ఏప్రిలున రావలసిన ప్రతి జూనునకు జరుగుటచే దాని సంఖ్య 6.06 అయ్యెను. దీర్ఘకాలము సంరక్షింపబడు ప్రతులకు ఇదియే మొదటిది. 2012 నాటి 12.04 మొదలుకొని ఇట్టి ప్రతులకు ఐదేండ్ల సంరక్షణ సామాన్య నియమమైనది.

క్రొత్తవారికి ఈ వ్యవస్థ చేసిన సౌకర్యము లెవ్వి? మొదటిది, ప్రతిష్ఠింపకయే పరీక్షించు వీలు. 6.06 ప్రతి మొదలు, ఒకే పళ్లెము నుండి వ్యవస్థను నడిపి చూచి, నచ్చినచో అచ్చటనే యంత్రమున నిలుపుకొనుటకు అవకాశ మేర్పడెను. రెండవది, ఒక్కొక్క పనికి ఒక్కొక్క సాధనమునే ముందుగా ఎన్నియుంచుట. పది సాధనములలో దేనిని గ్రహింపవలెనో యెఱుగని విద్యార్థికి ఇది పెద్ద ఉపకారము. మూడవది, సర్వాధికారి ఖాతాను మూసియుంచి, అవసరమైనప్పుడు మాత్రమే వాడుకరి తన సంకేతపదముతో ఆ అధికారమును తాత్కాలికముగా పొందు పద్ధతి. తెలియక చేసిన పనిచే వ్యవస్థ చెడకుండ నిది కాచును. నాల్గవది, సాధనములన్నియు నొకే భాండాగారము నుండి పొందుట. అయిదవది, పళ్లెములను కోరినవారికి తపాలా ద్వారా ఉచితముగా పంపుట. 2011 వఱకు సాగిన ఈ ఏర్పాటు, అంతర్జాలము మందగతి నున్న నాటి గ్రామసీమల కెంతటి సహాయమో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఈ శాఖ నుండియే పాఠశాలలకు ఎడ్యుబుంటు 2005లోను, పాత యంత్రములకు జుబుంటు 2006లోను పుట్టినవి. లినక్స్ మింట్ సైతము 2006లో ఉబుంటునే ఆధారముగా గొని బయలుదేరెను.

గుణములతో పాటు దోషమును చెప్పుట న్యాయము. తొలుత గ్నోమ్ అను తెర యేర్పాటుతో వచ్చిన ఈ వ్యవస్థ, 2011లో యూనిటీ యను స్వకీయమైన యేర్పాటునకు మాఱి, 2017 అక్టోబరున మరల గ్నోమునకు వచ్చెను. బొమ్మల స్థానమును బట్టి పని నేర్చినవాడు ఏడేండ్లలో రెండుమార్లు అక్షరాభ్యాసము చేయవలసి వచ్చెను. ఆ బొమ్మల క్రింది మాటలను చదివి అర్థము చేసికొన్నవానికి మాత్రము శ్రమ తక్కువ. నేర్చినది నిలుచుటకు భాషయే ఆధారమని దీనివలన తేటపడుచున్నది.

తెలుగు ఈ వ్యవస్థలో ప్రవేశించుటకు మూడు మెట్లు దాటవలసి వచ్చెను. మొదటి మెట్టు లిపి. 1991 నాటి యూనికోడు మొదటి ప్రతియందే తెలుగునకు 128 స్థానముల గడి కేటాయింపబడెను. ‘దస్త్రము’ అను మాటలోని ‘స్త్ర’ యంత్రమున స, పొల్లు, త, పొల్లు, ర అను ఐదు సంకేతములుగా నిలువయుండును. తెరపై నొక్క సంయుక్తాక్షరముగా తోచవలెను. ఈ కూర్పును చేయు సాధనములు పాంగో, హార్ఫ్‌బజ్ అనునవి. 2008 నాటి యూనికోడు 5.1 ప్రతిలో అవగ్రహమును, దంత్య చ జలును, పూర్వపు లెక్కలలోని భిన్నాంకములును, తూము గుర్తును చేరినవి. 2021లో నకారపొల్లు చేరెను. ప్రాచీన పత్రములను పరిష్కరించు విద్యార్థులు ఈ సంగతి గమనింపదగును. అక్షరరూపముల విషయమున తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అను ఖతులను రచించి స్వేచ్ఛానుమతితో లోకమున కొసగిరి. రెడ్ హ్యాట్ సంస్థ ద్వారా లోహిత్ ఖతియు వచ్చెను.

రెండవ మెట్టు వ్రాత. ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ అమరికయే కాక, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున 1990వ దశకపు తొలినాళ్లలో తెలుగు విద్యార్థులు ఏర్పఱచిన లిప్యంతరీకరణ పద్ధతియు ఇందు లభించును. దూరదేశమున నున్నవారు తమలో తాము ఉత్తరములు వ్రాసికొనుటకు కల్పించిన పద్ధతి ఈ విధముగా స్వదేశమునకు తిరిగివచ్చినది.

మూడవ మెట్టు అనువాదము. మాకు ముఖ్యమైనది ఇదియే. వ్యవస్థలోని ప్రతి ఆజ్ఞను, ప్రతి హెచ్చరికను స్వచ్ఛందముగా పనిచేయువారు తెలుగు చేసిరి. ఇచ్చట వ్యాకరణ సమస్యలు ఎదురైనవి. ఆంగ్ల వాక్యమున పేరు రావలసిన చోట ఖాళీ విడిచి, సమయమునకు యంత్రము దానిని పూరించును. తెలుగున విభక్తి ఆ పేరునకు అంటియుండవలెను. అది పేరు తుది అచ్చును బట్టి మాఱును. ‘చెట్టు’ అయిన ‘చెట్టును’, ‘కురిడీ’ అయిన ‘కురిడీని’ అనవలెను. ఇకారము మీది కు, ను లు కి, ని లగుట చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున విధించినదే. యంత్రమునకు ఈ సూత్రము తెలియదు. కావున ‘కురిడీ అను దస్త్రమును తొలగించు’ అని, విభక్తిని తెలిసిన నామమునకు తగిలించుట ఉచితమగు మార్గము. సంఖ్యల విషయమును ఇట్టిదే. మూడు దస్త్రము లుండవచ్చును గాని మూడు వాడుకరు లుండరాదు. ముగ్గురు వాడుకరు లనవలెను. ఆంగ్లమున ఏకబహువచన భేదము మాత్రమే చాలును. తెలుగున మహత్తు, అమహత్తు అను భేదముకూడ కావలెను.

మర్యాద విషయము మఱియు సున్నితమైనది. మీటపై ‘తొలగించు’ అని యుండును. అది మనిషి యంత్రమునకు చేయు ఆజ్ఞ. తెరపై ‘మీ సంకేతపదమును ఇవ్వండి’ అని యుండును. అది యంత్రము మనిషికి చేయు విన్నపము. ఆంగ్లమున రెండింటికి నొకే క్రియారూపము. ఎవరు ఎవరితో పలుకుచున్నారో అనువాదకుడు ప్రతి చోట విచారించియే తెలుగు చేయవలెను. లేనిచో యంత్రము పెద్దలను ఏకవచనమున పిలుచును.

ఇక పదముల యెన్నిక. ఫైలునకు ‘దస్త్రము’ అనుట మాకు సమ్మతము. కచేరీలలో కాగితముల కట్టకు చిరకాలముగా వాడుకలో నున్న మాట అది. ఫోల్డరునకు ‘సంచయము’, బ్రౌజరునకు ‘విహారిణి’ అనునవి శాస్త్రీయములే యైనను, నోట నిలుచుట కాలము నిర్ణయింపవలసినది. ఇచ్చట మాకు అంబాజీపేట స్ఫురించుచున్నది. గౌతమీ వసిష్ఠల నడుమనున్న ఆ యూరు పూర్వము తూర్పుగోదావరి జిల్లాలోనిది, 2022 ఏప్రిలు 4 మొదలు డాక్టరు బి. ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోనిది. అచ్చటి కొబ్బరి మార్కెట్టు ధరలను దినపత్రికలు ప్రకటించుట అలవాటు. ఆ పట్టికలో కొత్త కొబ్బరి క్వింటాలు లెక్కన నుండును. కురిడీలో గండేరా, గటగట యను రకములును, నీటికాయలో ముక్కుడుకాయయు వేయి లెక్కన నుండును. ఈ మాటలను ఏ పండిత పరిషత్తును నిర్ణయింపలేదు. సరకును చేత పట్టి చూచి, మేలురకమును తక్కువరకమును వేఱుచేయువారి నోట నవి నిలిచినవి. పనిచేయువాని కవసరమైన భేదమును చెప్పు మాట బ్రదుకును. అట్టి అవసరము లేని మాట నిఘంటువునకే పరిమితమగును.

ఆ పట్టికయే మన వ్యవస్థకు మంచి పరీక్ష. ఉబుంటులో 11.04 ప్రతి మొదలు లభించుచున్న లిబ్రేఆఫీసు లెక్కల పుటలో ‘గండేరా’, ‘గటగట’, ‘ముక్కుడుకాయ’ అను శీర్షికలను తెలుగులోనే వ్రాయవచ్చును, అకారాది క్రమమున కూర్పవచ్చును, వెదకవచ్చును, సంఖ్యలను 1,00,000 అని లక్షల పద్ధతిని విభజింపవచ్చును. కొనుగోలు వ్యయము లేకయే ఇంత పని సాధ్యము. కాని లెక్క వ్రాయువాడు పొరపడినప్పుడు తెరపై వచ్చు హెచ్చరిక ఆంగ్లమున నున్నచో, అతడు దానిని చదువకయే ఏదో యొక మీట నొక్కును. దినమంతటి లెక్క అచ్చటనే పోవచ్చును. అనువాదము అలంకారము కాదని, సాధనములో నొక భాగమని ఇందువలన గ్రహింపవలెను.

ఈ దిశగా జరిగిన సంస్థాగత ప్రయత్నములు కలవు. హైదరాబాదు కేంద్రముగా పనిచేయు ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు నిర్వాహక వ్యవస్థను రూపొందించి, బాలుర కొఱకు చిత్రలేఖనాది సాధనములు గల ‘బాల స్వేచ్ఛ’ను సమకూర్చెను. కేంద్రప్రభుత్వ సంస్థయగు సీ-డాక్ డెబియన్ ఆధారముగా భారతీయ భాషలకు ‘బాస్’ అను వ్యవస్థను 2007లో విడుదల చేసెను. కేరళమున 2001లో ప్రారంభమైన ‘ఐటీ ఎట్ స్కూల్’ పథకము క్రమముగా స్వేచ్ఛా సాధనములను పాఠశాలలలో నిలిపి, మలయాళమున పాఠములు చెప్పించి, 2017లో ‘కైట్’ అను సంస్థగా రూపొందెను. అచ్చటి విజయమునకు కారణము యంత్రముల సంఖ్య కాదు. ఉపాధ్యాయులు దానిని తమ పనిగా గ్రహించుటయే.

తెలుగునందు కొఱత ఇచ్చటనే యున్నది. ఆఱు నెలలకొకమాఱు వ్యవస్థ మాఱును. క్రొత్త వాక్యములు చేరును. తెలుగు చేయనివి ఆంగ్లముననే తెరపై నిలుచును. నూటికి 80 వంతులు అనువాదమైన భాషలనే గ్నోమ్ వారు సమర్థిత భాషలుగా పరిగణించుట ఆచారము. కావున నేడు చేసిన పని రేపటికి చాలదు. కొలదిమంది స్వచ్ఛంద సేవకుల తీరికపై ఆధారపడి ఒక భాష తన స్థానమును నిలుపుకొనుట కష్టము.

విశ్వవిద్యాలయముల తెలుగుశాఖలు చేయదగిన పనులు మూడు కలవని తలంచుచున్నాము. పరిశోధక విద్యార్థులు ప్రతి విడుదలయందలి తెలుగు వాక్యములను వ్యాకరణదృష్టితో పరిశీలించి సవరణలు పంపుట మొదటిది; ఈ వ్యవస్థ అట్టి సవరణలను ఎవరి నుండియైనను స్వీకరించును. అంబాజీపేట వంటి మార్కెట్టులలోను, చేనేతలోను, సేద్యములోను వాడుకలో నున్న వృత్తిపదములను సేకరించి పరిభాషకు మూలధనముగా చేయుట రెండవది. శాఖలోని యంత్రములనే తెలుగున నడిపి, తమకు తోచిన కష్టములను వ్రాసియుంచుట మూడవది. వ్యవస్థ తలుపులు తెఱచియున్నవి. లోపలికి పోయి మన మాటను మనమే సరిదిద్దుకొనుటకు ఎవరి అనుమతియు అక్కఱలేదు. ఆ హక్కును వినియోగింపనిచో, తెలుగు బడిలో చదివి తొలిసారి మీటల పలక ముందు కూర్చున్న విద్యార్థికి ఆ స్వేచ్ఛ పేరునకు మాత్రమే మిగులును.