ఎర్ర మూత నుంచి ఊదా మూత దాకా

హెచ్‌ఐవీ గురించి రాసేవాళ్లు మందుల గురించి రాస్తారు, వెలి వేయడం గురించి రాస్తారు, ఊరూరా తిరిగిన ప్రచార రథాల గురించీ రాస్తారు. రక్తం ఏ ట్యూబులో తీశారన్నది మాత్రం ఎవరూ రాయరు. కోస్తా జిల్లాల సర్కారు ఆసుపత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరైనదాన్ని, నాకు ఆ జబ్బు చరిత్ర మూతల రంగుల్లోనే గుర్తు. ముందు ఎర్ర మూత, తర్వాత ఊదా మూత, ఆపైన ట్యూబే అక్కర్లేని అట్టముక్క. ఎవరికో తోచి మార్చినవి కావవి. రక్తాన్ని మనం అడిగే ప్రశ్న మారినప్పుడల్లా శాంపిల్ మారింది. ఆ రక్తం ఎంత దూరం, ఏ ఎండలో, ఎవరి చేతుల మీదుగా వెళ్లాలన్నదీ దాన్ని మార్చింది.

మొదటి ప్రశ్న చిన్నది: ఉందా, లేదా? 1983లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో బారే-సినూసీ, మోంటానియేల బృందం వైరస్‌ను పట్టింది రక్తంలో కాదు, ఒక రోగి మెడలోని లింఫు గ్రంథిలో. 1985 మార్చిలో అమెరికాలో మొదటి ఎలైజా పరీక్షకు అనుమతి వచ్చింది, అదీ దాతలిచ్చిన రక్తాన్ని వడపోయడానికి. ఎలైజా చూసేది వైరస్‌ను కాదు, దాని మీద ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను. అవి గట్టి పిండాలు. ఎర్ర మూత ట్యూబులో రక్తం తీసి అరగంట కదపకుండా ఉంచితే గడ్డకడుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో పది నిమిషాలు తిప్పితే పైన పసుప్పచ్చటి సీరం తేరుతుంది. తీసి ఫ్రిజ్‌లో పెడితే వారం దాకా దానికి ఢోకా లేదు.

ఆ మొండితనమే లేకపోతే మన దేశంలో ఈ జబ్బు ఇంకెన్నాళ్లకు బయటపడేదో! మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ ప్రొఫెసర్ సునీతి సోలమన్ తన పీజీ విద్యార్థిని సెల్లప్పన్ నిర్మలకు థీసిస్ అంశంగా హెచ్‌ఐవీని ఇచ్చారు. పోలీసులు పట్టుకొచ్చి హోములో ఉంచిన సెక్స్‌వర్కర్ల దగ్గర నిర్మల రక్తం సేకరించింది. ఇద్దరూ కలిసి అక్కడికక్కడ అమర్చుకున్న చిన్న ల్యాబులో సీరం వేరు చేశారు. దాచడానికి చోటు లేక ఆ సీసాలు నిర్మల ఇంటి ఫ్రిజ్‌లో ఉన్నాయి. ఎలైజా సదుపాయం వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో ఉంది. 1986 ఫిబ్రవరిలో ఐస్ బాక్సులో సర్దుకుని రాత్రి రైల్లో వెల్లూరు వెళ్తే, ఆరు శాంపిల్స్ పసుపు రంగుకు తిరిగాయి. మళ్లీ రక్తం తీసి పరీక్షిస్తే అదే ఫలితం. ఆ మేలో తమిళనాడు ఆరోగ్యమంత్రి హండే శాసనసభలో ప్రకటించేదాకా దేశం నమ్మలేదు. నమ్మాక కూడా చాలామంది నమ్మలేదనుకోండి, అది వేరే సంగతి. ఆ రోజున పరీక్షకు కావలసింది సీరం కాక ఇంకేదైనా అయ్యుంటే, ఇంటి ఫ్రిజ్‌లో ఉండి రైలెక్కి వెల్లూరు చేరేసరికి అందులో చెప్పడానికి ఏమీ మిగిలేది కాదు.

మేము ఉద్యోగాల్లో చేరే నాటికి రంగు మూతల ట్యూబులు కార్పొరేట్ ఆసుపత్రుల సొత్తు. మాకున్నవి వాడేసిన పెన్సిలిన్ బుడ్లు. కడిగి, ఆరబెట్టి, రక్తం గడ్డకట్టకూడని పరీక్షలకు చిటికెడు ఆక్సలేట్ వేసుకునేవాళ్లం. దేన్లో వేశామో, దేన్లో వేయలేదో చూపులకు తేడా తెలిసేది కాదు, బుడ్డి మీద అతికించిన ప్లాస్టర్ ముక్కే ఆధారం. మూత రంగు విలువ అందుకే మా తరానికి బాగా తెలుసు.

రెండో ప్రశ్న వచ్చాక కథ మారింది: ఎంత ఉంది? 1996 మేలో జాన్ మెల్లర్స్ బృందం ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. 180 మంది మగవాళ్ల ప్లాస్మాను, ఏళ్ల క్రితం తీసి ఫ్రీజర్‌లో దాచినదాన్ని, బయటికి తీసి వైరస్ లెక్కపెట్టారు. ఎవరి ప్లాస్మాలో ఎక్కువుందో వాళ్లే ముందు జబ్బుపడ్డారు, ముందు పోయారు. ఆ జూన్‌లోనే, వైరస్‌ను లెక్కపెట్టే రోష్ కంపెనీ ఆంప్లికోర్ కిట్‌కు అమెరికా అనుమతిచ్చింది. వైరల్ లోడ్ అన్న మాట అప్పటి నుంచి డాక్టర్ల నోట పడింది.

ఈ లెక్కకు సీరం పనికిరాలేదు. రక్తం గడ్డకట్టేటప్పుడు ఆ గడ్డలో వైరస్ కొంత చిక్కుబడిపోతుంది, మిగిలినదాన్ని లెక్కిస్తే తక్కువ తేలుతుంది. కాబట్టి గడ్డకట్టనివ్వకూడదు. అందుకు ఉన్న మందుల్లో పేరున్నది హెపారిన్, పచ్చ మూత. 1916లో అమెరికాలో కుక్క కాలేయం మీద చేసిన పనితో దాని కథ మొదలై, తర్వాత ఆసుపత్రులకు నమ్మిన బంటైంది. వైరస్‌ను లెక్కపెట్టే పీసీఆర్ పరీక్ష దగ్గర మాత్రం అదే శత్రువైంది. వైరస్ ముక్కల్ని కోట్లకు పెంచే ఎంజైమును హెపారిన్ పనిచేయనివ్వదు. 1991 నాటికే ఈ సంగతి బయటపడింది. పరీక్ష తప్పిందని మెషీన్ చెబితే బాధ లేదు, ఉన్న వైరస్‌ను తక్కువనో, లేదనో చూపడమే దీని ప్రమాదం. ఇంకో మందైన సిట్రేటు నీళ్లమందు కాబట్టి రక్తాన్ని పలచన చేస్తుంది. అలా తిరిగి తిరిగి ఊదా మూత గెలిచింది. అందులో ఉండేది ఈడీటీఏ. దాని పుట్టుక చిత్రమైనది. 1935 ప్రాంతంలో జర్మనీలో ఫెర్డినాండ్ మ్యూంజ్ అనే రసాయనవేత్త బట్టల అద్దకానికి నీళ్లలోని కాల్షియాన్ని కట్టేసే పదార్థం కోసం వెతుకుతూ తయారుచేశాడు. రక్తం గడ్డకట్టాలన్నా కాల్షియమే కావాలి. దాన్ని కట్టేస్తే రక్తం రక్తంగానే ఉంటుంది, పీసీఆర్‌కూ పెద్దగా అడ్డం రాదు. రంగుల కార్ఖానా సరుకు ఇలా మా టేబుల్ మీదికి చేరింది.

మన రాష్ట్రంలో ఇదంతా చాలాకాలం పుస్తకాల్లో మాటే. 2004 ఏప్రిల్‌లో కేంద్రం ఆరు రాష్ట్రాల్లోనూ ఢిల్లీలోనూ హెచ్‌ఐవీని అదుపుచేసే ఏఆర్‌టీ మందులు ఉచితంగా మొదలుపెట్టింది. హెచ్‌ఐవీ ఎక్కువున్న ఆ ఆరింట్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మందు ఎప్పుడు మొదలుపెట్టాలో తేల్చింది వైరల్ లోడ్ కాదు, జబ్బును ఎదిరించే సీడీ4 తెల్లకణాల లెక్క. అది వైరస్‌ను కాక మనిషి సత్తువను అడిగే ప్రశ్న. మొదట్లో 200 కంటే దిగితేనే మందు.

మా గోల ఇక్కడే. సీడీ4కీ ఊదా మూతే, వైరల్ లోడ్‌కూ ఊదా మూతే. కానీ రెండింటి మర్యాదలు వేరు. సీడీ4 మెషీన్ బతికున్న కణాలను లెక్కపెడుతుంది కాబట్టి ఆ ట్యూబును తిప్పకూడదు, ఫ్రిజ్‌లో పెట్టకూడదు, రక్తాన్ని రక్తంగానే పంపాలి. వైరల్ లోడ్‌కైతే పాత కిట్ల లెక్కన 6 గంటల్లోపు తిప్పి, కణాలను కిందకి దించి, పైనున్న ప్లాస్మాను పైపెట్‌తో తీసి, వేరే సీసాలోకి మార్చి ఫ్రీజర్‌లో పెట్టాలి. ప్లాస్మా తీసేటప్పుడు మధ్యలో తెల్లటి పొర ఒకటుంటుంది, పాలమీది మీగడ కంటే పలచన. పైపెట్ దానికి తగిలిందా, తెల్లకణాలు పైకొచ్చేస్తాయి. వాటి లోపల దాక్కున్నదీ లెక్కలోకి వచ్చి అంకె పెరుగుతుంది. ఆశపడకుండా అరసెంటీమీటరు ప్లాస్మా వదిలేయమని కొత్తపిల్లలకు చెప్పేదాన్ని. ఒక కేంద్రం నుంచి రెండు ట్యూబులూ ఒకే ఐస్ బాక్సులో వచ్చేవి, పైగా ఐస్ ప్యాక్‌కు ఆనించి. ఫోన్ చేస్తే, “రెండూ ఊదావే కదా మేడమ్!” అని ఎదురు ప్రశ్న. ఆ రోగి నాలుగు బస్సులు మారి మళ్లీ రావాలి. కిట్ కాగితం మీద 25 డిగ్రీలు మించకూడదని ఉంటుంది. రాసినవాళ్లు మే నెలలో రెంటచింతల చూసుండరు.

ప్లాస్మా కిందనే జెల్ అడ్డుగోడలా నిలబడే ట్యూబులు వస్తే బతికిపోయామనుకున్నాం. దాంట్లోనే ప్లాస్మాను ఫ్రీజ్ చేస్తే, మందులతో వైరస్ అదుపులో ఉన్నవాళ్లకూ కొంచెం ఉన్నట్టు అంకెలు వస్తున్నాయని 2000 తర్వాత చాలాచోట్ల తేలింది. వేరే సీసాలోకి మార్చే పని తప్పలేదు.

పసివాళ్ల దగ్గర ఎర్ర మూతా ఓడింది, ఊదా మూతా ఓడింది. తల్లి యాంటీబాడీలు బిడ్డలో పద్దెనిమిది నెలల దాకా ఉండొచ్చు కాబట్టి సీరం పరీక్ష బిడ్డ గురించి కాక తల్లి గురించే చెబుతుంది. వైరస్‌నే వెతకాలి, ఆరువారాల బిడ్డకు నరం దొరకదు. 1960ల్లో రాబర్ట్ గత్రీ అమెరికాలో పుట్టుజబ్బుల కోసం బిడ్డ మడమ నెత్తురును వడపోత కాగితం మీద ఆరబెట్టిన పద్ధతే దిక్కైంది. మన దేశంలో 2010 నుంచి హెచ్‌ఐవీకి అది జాతీయ కార్యక్రమంలోకి వచ్చింది. తడిగుడ్డతో మడమను వెచ్చచేయాలి. స్పిరిట్ పూర్తిగా ఆరాకే గుచ్చాలి, లేదంటే చుక్క చుట్టూ నీటివలయం కట్టి ఆ కార్డు చెత్తబుట్టకే. ఒక్కో వలయంలో ఒకే పెద్ద చుక్క, అది కాగితం అవతలివైపుకీ ఇంకాలి. ఆపైన కనీసం మూడు నాలుగు గంటలు అడ్డంగా పరిచి నీడలో ఆరబెట్టాలి. బందరు వానల్లో అవి ఆరడం చూస్తే బట్టలే నయమనిపించేది. ఈగలు, చీమలు సరేసరి. “బొట్టుబొట్టుగా ఇంత తీస్తున్నావేంటక్కా, కాస్తే కదా ఒళ్లంతా కలిపినా!” అని ఒక తల్లి నా చెయ్యి పట్టుకుంది. ఐదు వలయాలూ నిండేసరికి ఆమె ఏడుస్తోంది, బిడ్డ నిద్రపోయాడు.

ఆ అట్టముక్కతోనే పెద్దవాళ్ల వైరల్ లోడ్ ఎందుకు చూడరాదు? కెన్యా, మలావీ లాంటి దేశాలు చూశాయి. చిక్కు లెక్కలో ఉంది. చుక్కలో ఉండేది 50 మైక్రోలీటర్ల రక్తం, మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు. అందులో సగానికి కాస్త పైన ప్లాస్మా. మిల్లీలీటరు ప్లాస్మాలో 1000 వైరస్‌లున్న మనిషి చుక్కలో 27 ఉంటాయి. 50 ఉన్నవాడి చుక్కలో ఒకటీ అరా. పైగా చుక్కలో కణాలూ ఉంటాయి కాబట్టి వాటిలోని వైరస్ జన్యువు కలిసి, మందు బాగా పనిచేస్తున్న మనిషికీ అంకె పెరగొచ్చు. అది చూసి మందు మారిస్తే అన్యాయం. అయినా నా ఓటు అట్టముక్కకే, పాడేరు, రంపచోడవరం వంటి మారుమూల కొండ చోట్లకు. 1000 దాటిందా లేదా అన్నదే ప్రశ్నయితే అది చాలావరకు చెబుతుంది. ప్లాస్మానే కావాలని పట్టుబట్టేవాళ్లలో ఎక్కువమందికి సెంట్రిఫ్యూజ్ పక్కగదిలోనే ఉంటుంది.

2018 ఫిబ్రవరిలో మందులు వాడే ప్రతి ఒక్కరికీ వైరల్ లోడ్ పరీక్ష చేస్తామని కేంద్రం ప్రకటించింది. అంతకుముందు మందు పనిచేయడం లేదన్న అనుమానం వచ్చినవాళ్లకే. ఊదా మూతల ట్యూబులు గుట్టలుగా రావడం మొదలైంది. రిపోర్టుల్లో ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’ అని వస్తుంటే ఆ కాగితం పట్టుకుని సంబరంగా ఒకాయన ల్యాబ్ కిటికీ దగ్గరికొచ్చాడు. లారీ డ్రైవరు, ఏళ్లుగా మందు వేసుకుంటున్నవాడు. “పోయిందంట కదమ్మా, ఇక మాత్రలు ఆపెయ్యొచ్చా?” అన్నాడు. మేము చూసింది ప్లాస్మానే అని చెప్పాను. రక్తంలో తేలుతున్న వైరస్ అందులో దొరకలేదు, అంతే. కొన్ని తెల్లకణాల లోపల అది ముడుచుకుని పడుకునే ఉంటుందని, మందులెన్ని వేసినా కదలదని 1997లోనే అమెరికాలో చూపించారు. ఆ కణాలను మేము తిప్పి అడుగున వదిలేస్తాం, పారేస్తాం కూడా. మాత్ర మానితే వాటిలోంచి మళ్లీ బయటికొస్తుంది. ఆయన కాసేపు ఆలోచించి, “మరి ఆ అడుగుది చూసే పరీక్ష లేదా?” అన్నాడు. పరిశోధనలు చేసేవాళ్ల దగ్గరుంది, మన దగ్గర లేదన్నాను. రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని మందుల కౌంటరు లైన్లోకి వెళ్లాడు.