మళ్ళీ అలవాటు పడటం



పుస్తకాలలో 'పునరనుకూలనం' అనే మాట కనిపిస్తుంది. పలకడానికే నోరు తిరగదు గాని, అర్థం తేలికే. 'పునః' అంటే మళ్ళీ. 'అనుకూలనం' అంటే పరిస్థితికి తగినట్లు మారడం. మన ఇళ్ళలో మాటగా చెప్పాలంటే, మళ్ళీ అలవాటు పడటం. దీన్నీ, సర్దుకుపోవడాన్నీ చాలామంది ఒకటే అనుకుంటారు. కాదు సుమండీ! ఆ తేడా తెలియాలంటే మన డబ్బుల చరిత్ర చూడాలి.

పూర్వం రూపాయికి 16 అణాలు, అణాకు 12 దమ్మిడీలు. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 100 నయాపైసలయ్యాయి. ఆ లెక్కన అణాకు ఆరుంబావు పైసలు రావాలి. పావు పైసా నాణెం లేదు గదా! అందుకని అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 అని నిర్ణయించారు. పాత నాణేలూ, కొత్తవీ కొన్నాళ్ళు కలిసే తిరిగాయి. అణాకొకటి చొప్పున నాలుగు తోటకూర కట్టలు విడివిడిగా కొంటే 24 పైసలు. ఒక్కసారే కొంటే 25! పైసాయే కదా అనుకోకండి. రోజూ కూర కొనే ఇల్లాలికి అది చిన్న సంగతా?

తెలంగాణ వారికైతే ఇది రెండోసారి. 1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిశాక కూడా నిజాం హాలీ సిక్కా కొన్నేళ్ళు చెల్లింది. ఏడు హాలీ రూపాయలు ఆరు భారత రూపాయలకు సమానం. 1959తో అది పూర్తిగా పోయింది. ఒక లెక్క ఒంటబడుతుండగానే మరో లెక్క వచ్చిపడిందన్న మాట. అక్కడి ఇల్లాళ్ళు రెండూ నేర్చారు.

నేర్చుకున్నంత మాత్రాన పాతది పారెయ్యలేదు. 25 పైసలను పావలా అనే పిలుచుకున్నాం. 1964లో పైసా పక్కనుండే 'నయా' పోయింది. 2011 జూన్ 30తో పావలా నాణెమే చెల్లకుండా పోయింది. అయినా 'పదహారణాల తెలుగు పిల్ల' అని నేటికీ అంటూనే ఉన్నాం.

సర్దుకుపోవడమంటే పోయిన పైసాకు నోరు మూసుకోవడం. మళ్ళీ అలవాటు పడటమంటే కొత్త లెక్క నేర్చుకుని, మనకు రావలసిన పైసా అడిగి పుచ్చుకోవడం.

రేపు మీ ఇంట్లో కొత్త కోడలితో "సర్దుకుపోవాలమ్మా" అనబోయే ముందు ఒక్క క్షణం ఆగండి. ఆ పిల్లను నేర్చుకోమంటున్నామా, ఊరికే భరించమంటున్నామా? ఆలోచించండి.