40 సెకన్లు ముందొచ్చిన నక్షత్రం

ఐన్‌స్టీన్ చెప్పిన గురుత్వ తరంగాల్ని 2015లో లైగో పట్టుకుందని మీరు వినే ఉంటారు. కానీ వాటి జాడ అంతకు చాలా ఏళ్ల ముందే దొరికింది. అదీ కేవలం టైమ్ లెక్కపెట్టి! ఎలాగో చూద్దాం.

అది 1974. ప్యూర్టో రికోలోని అరెసిబోలో 305 మీటర్ల రేడియో టెలిస్కోప్. రస్సెల్ హల్స్ అనే స్టూడెంట్, తన ప్రొఫెసర్ జోసెఫ్ టేలర్‌తో చేస్తున్న పని కోసం అక్కడ పల్సర్లు వెతుకుతున్నాడు. పల్సర్ అంటే గిర్రున తిరిగే ఒక చచ్చిపోయిన నక్షత్రం. తిరిగిన ప్రతిసారీ లైట్‌హౌస్‌లా మనవైపు ఒక రేడియో పల్స్ పంపుతుంది. గడియారమంత కచ్చితం. హల్స్‌కి దొరికిన ఒక పల్సర్ సెకనుకు 17 సార్లు కొడుతోంది. కానీ దాని టైమ్ కొలిచిన ప్రతిసారీ మారిపోతోంది! ముందు తన లెక్కలోనే ఏదో తేడా ఉందనుకున్నాడు. అయినా వదల్లేదు, మళ్లీ మళ్లీ కొలిచాడు.

మన తెనాలి, బాపట్ల, రేపల్లె వాళ్లకి రైలు లెక్కలో చెప్తా. మీరు తెనాలి స్టేషన్లో ఉన్నారు. రేపల్లె బండి డ్రైవరు సరిగ్గా నిమిషానికోసారి హారన్ కొడుతున్నాడనుకోండి. బండి మీవైపు వస్తుంటే శబ్దానికి దూరం తగ్గుతుంది, హారన్ కాస్త ముందే వినిపిస్తుంది. రేపల్లె వైపు పోతుంటే లేటవుతుంది. అంటే బండిని చూడకుండానే అది వస్తోందో పోతోందో చెప్పేయొచ్చు. పల్సర్ కూడా అంతే! మనకు కనపడని ఇంకో నక్షత్రంతో జంటగా, 7 గంటల 45 నిమిషాలకో చుట్టు తిరుగుతోంది.

తర్వాత టేలర్ బృందం ఏళ్ల తరబడి ఆ టైమ్ రాసుకుంటూ పోయింది. ఒక్కో చుట్టుకు పట్టే సమయం ఏడాదికి సుమారు 76 మైక్రోసెకన్లు తగ్గుతోంది. సెకనులో పదివేలో వంతు కూడా కాదు! కానీ చుట్టు మీద చుట్టు కూడి, 30 ఏళ్లకి ఆ నక్షత్రం రావాల్సిన టైమ్ కంటే దాదాపు 40 సెకన్లు ముందొచ్చేసింది. ఎందుకంటే గురుత్వ తరంగాలుగా శక్తి పోతోంది, రెండూ దగ్గరవుతున్నాయి. ఈ తగ్గుదల ఐన్‌స్టీన్ లెక్కకి సరిపోయింది. 1993లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

మరి మనవాళ్లు? పుణె దగ్గర 30 డిష్‌లున్న జీఎంఆర్‌టీతో ఇండియన్ పల్సర్ టైమింగ్ అరే టీమ్ ఇలాగే పల్సర్ల టైమ్ కొలుస్తోంది. అందులో మన ఐఐటీ హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. 2023 జూన్‌లో యూరప్ టీమ్‌తో కలిసి, చాలా నెమ్మదిగా ఊగే పెద్ద గురుత్వ తరంగాల ఆనవాళ్లు ప్రకటించారు.

ఆ రోజు హల్స్ "ఏదో తప్పులే" అని ఆ అంకెల్ని కొట్టేసి ఉంటే? ఒక్కసారి ఆలోచించండి. మళ్లీ కలుద్దాం!