పాత కత్తి - దాని పత్రము



గద్వాల, వనపర్తి, కొల్లాపురము సంస్థానములలో కొలువు చేసిన వంశములు పాలమూరు సీమలో నేటికిని గలవు. నల్లగొండ వైపున రాచకొండ, దేవరకొండ దుర్గములు వెలమ ప్రభువుల యేలుబడిని తలపించుచున్నవి. ఇట్టి సీమలో దసరానాటి యాయుధపూజకు దింపెడు పాత కత్తి యొక యింట నుండుట వింత గాదు. దానికి పత్రమున్న నెక్కువ వెల వచ్చునని చెప్పువారును గలరు. పత్రమేమి చెప్పును, ఏమి చెప్పదు అనునదే నేటి ప్రసంగ విషయము.

ముందుగా నొక్క సంగతి గ్రహింపవలయును. కత్తి యనగా ఒకే వస్తువు గాదు. మన పట్టాకత్తి యలుగును పిడిలో లక్కతో బిగింతురు. వేడి తగిలిన నది యూడివచ్చును. కావున తాతనాటి యలుగునకు మనుమనినాటి పిడి యుండవచ్చును. పిడిమీది వెండి బంగారు పనిని జూచి యలుగు వయస్సు నిర్ణయింపరాదు.

జపానులోను నిట్లే. అచ్చట నలుగును పిడిలో నొక చిన్న వెదురు మేకు నిలుపును. 1876లో అచ్చటి ప్రభుత్వము సామాన్యముగా కత్తి ధరించి తిరుగుటను నిషేధింపగా, పిడికిని అలుగునకును నడుమ నుండు లోహపు బిళ్లలు మొదలగునవి వేరుపడి దేశాంతరములకు బోయినవి. మన హైదరాబాదులో 1951లో తెరవబడిన సాలార్ జంగు మ్యూజియమునందును జపాను కత్తులు గలవు.

కత్తుల కళను గాపాడుటకై జపానులో 1948లో నేర్పడిన సంఘ మొకటి అలుగునకు వేరుగను, అలంకార భాగములకు వేరుగను పరీక్షాపత్రము లిచ్చును. అందు వస్తువు పేరు, దాని ఛాయాచిత్రము, తేది, సంఘముద్ర యుండును. పనివాని సంతకమున్న దానిని వ్రాయుదురు. లేనిచో "సంతకము లేదు" అని స్పష్టముగా జెప్పి, పిదప నది యే సంప్రదాయపు పనియో తమ యభిప్రాయమును దెలుపుదురు. కన్నది వేరు, ఊహించినది వేరు. వెల మాత్ర మందుండదు. ప్రభుత్వము వారి నమోదుపత్ర మింకొకటి గలదు. అది యలుగు పొడవు మొదలగు గుర్తులు దెలుపునే కాని మేలిమిని దెలుపదు. ఈ రెంటిని ఒకటిగా దలచినవాడు మోసపోవును.

మన దేశమున 1972 నాటి పురావస్తు చట్టము 1976 ఏప్రిల్ 5 నుండి యమలులోనికి వచ్చినది. నూరేండ్లకు దక్కువ కాని కత్తి యిందు పురావస్తువగును. దానిని ఎవరికి వారు విదేశములకు బంపరాదు. అట్టివాని వ్యాపారము చేయువానికి లైసెన్సు ఉండవలయును. "ఇది పురావస్తువు కాదు" అని పురావస్తు శాఖ యిచ్చు పత్రము ఎగుమతికై పుట్టినది. అది పనితనమునకు యోగ్యతాపత్రము గాదు.

మరి మన యింటి కత్తికి పత్రమెవరు వ్రాయవలెను? మొదటి పత్రము మీరే వ్రాయుడు. అలుగు, పిడి, ఒర వేర్వేరుగా గొలిచి, అక్షరములున్న నున్నవి యున్నట్లు దింపి, ఛాయాచిత్రము చేర్చి తేది వేయుడు. కన్నది యొక వైపునను, పెద్దలవలన విన్నది యింకొక వైపునను వ్రాయుడు. ఎవరి కొలువులో, ఎవరి చేతినుండి వచ్చెనో పేరులతో దెలుపుడు. తుప్పు రాపించి మెరుగు పెట్టింపకుడు. రాపిడిలో అక్షరములు పోవును. పిడి యూడినను పారవేయక కత్తితోనే యుంచుడు.

ఇనుము మరి నూరేండ్లు నిలువవచ్చును. దాని కథ యెరిగిన పెద్దలు అంతకాల ముండరు. కథ పోయిన పిదప నే పరీక్షకుడును దానిని దిరిగి వ్రాయజాలడు.