ప్రొలాక్టిన్ ఎక్కువ వచ్చిందా? కంగారు పడే ముందు మీరు వేసుకునే గ్యాస్ మాత్ర పేరు చూడండి

ఐయూఐ, ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సలు మొదలుపెట్టే ముందు డాక్టర్లు రాసే రక్త పరీక్షల్లో ప్రొలాక్టిన్ ఒకటి. రిపోర్టులో ఆ అంకె పక్కన 'హై' అని కనిపించగానే చాలామంది నెట్‌లో వెతుకుతారు. అక్కడ 'మెదడులో గడ్డ' అనే మాట కనబడి ఆ రాత్రంతా నిద్ర ఉండదు. కానీ ఆ ఒక్క అంకెతో ఏదీ తేలిపోదు.

ప్రొలాక్టిన్ చేసే పనేంటి?

మెదడు కింద శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి ఈ హార్మోన్‌ను విడుదల చేస్తుంది. బాలింతలకు పాలు పడేది దీనివల్లే. పాలిచ్చే తల్లులకు కొన్ని నెలలు పీరియడ్స్ రాకపోవడానికీ ఇదే ముఖ్య కారణం. గర్భం, పాలివ్వడం లేకుండానే ఇది పెరిగితే శరీరం దాదాపు అలాగే ప్రవర్తిస్తుంది. అండాశయాన్ని పనిచేయించే ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ హార్మోన్లు తగ్గుతాయి. అండం సరిగా విడుదల కాదు. నెలసరి తప్పుతుంది. మగవాళ్లలోనూ ఇది బాగా పెరిగితే టెస్టోస్టిరాన్ తగ్గి కోరికలు, వీర్యకణాలు తగ్గొచ్చు.

గర్భం లేని మహిళల్లో సాధారణంగా 25 నానోగ్రాముల లోపు ఉంటే నార్మల్. కొన్ని ల్యాబ్‌లు వేరే యూనిట్లలో ఇస్తాయి, అందులో ఇదే సుమారు 530. యూనిట్ చూసుకోకుండా 'అయిదొందలు దాటింది' అని బెంబేలెత్తేవాళ్లూ ఉన్నారు.

గ్యాస్ మాత్రతో లింకేంటి?

అసలు విషయం ఇక్కడే ఉంది. ఎసిడిటీకి మనవాళ్లు పరగడుపునే వేసుకునే చాలా మాత్రల్లో పాంటాప్రజోల్ లేదా రాబెప్రజోల్‌తో పాటు డాంపెరిడోన్ కలిసి ఉంటుంది. పేరు చివర 'డి', 'డీఎస్ఆర్' అని ఉంటే సాధారణంగా అదే. ఇది ప్రొలాక్టిన్‌ను పెంచుతుంది. ఎంతలా అంటే, పాలు చాలని బాలింతలకు కొందరు డాక్టర్లు ఇదే మందు రాస్తారు. లెవోసల్పిరైడ్ కలిపిన గ్యాస్ మాత్రలదీ ఇదే తీరు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర కాబట్టి 'ఏమైనా మందులు వాడుతున్నారా?' అని డాక్టర్ అడిగితే చాలామంది 'లేదండీ' అనేస్తారు. తప్పక చెప్పాలి. అలాంటి మాత్రను డాక్టర్ సలహాతో మూడు రోజులు ఆపి మళ్లీ పరీక్ష చేయిస్తే సంగతి తెలిసిపోతుంది.

రిస్పెరిడోన్ లాంటి మానసిక సమస్యల మందులు కూడా ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. వాటిని మాత్రం సొంతంగా ఆపకూడదు, చాలా ప్రమాదం. ఆ మందు రాసిన డాక్టర్‌తో మాట్లాడాకే ఏదైనా.

థైరాయిడ్ తక్కువగా పనిచేసినా ఇది పెరుగుతుంది. అప్పుడు థైరాయిడ్‌కు మందు వాడితే చాలు, ప్రొలాక్టిన్ దానంతటదే దిగొస్తుంది. నిద్రలో ఇది ఎక్కువగా ఉంటుంది కాబట్టి లేచీ లేవగానే కాకుండా రెండు మూడు గంటలు ఆగి రక్తం ఇవ్వడం మంచిది. సూది భయం, ఒత్తిడి కూడా అంకెను కాస్త పెంచుతాయి.

గడ్డ ఉంటే?

ఈ కారణాలేవీ లేకపోయినా ఎక్కువే ఉంటే, ముఖ్యంగా 200 దాటితే, ఎంఆర్ఐ తీస్తారు. కనిపించే గడ్డల్లో ఎక్కువ భాగం సెంటీమీటర్ లోపువే, క్యాన్సర్ కానివే. చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. వారానికి ఒకటి రెండుసార్లు వేసుకునే కాబెర్గోలిన్ మాత్రతో ప్రొలాక్టిన్ తగ్గి, అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. ఐవీఎఫ్ దాకా వెళ్లకుండానే గర్భం వచ్చేవాళ్లూ ఉన్నారు.

ఐవీఎఫ్‌లో ఇంజెక్షన్లు ఇచ్చేటప్పుడు ఈస్ట్రోజన్ పెరగడంతో ప్రొలాక్టిన్ కూడా కొద్దిగా పెరగడం మామూలే. ఇంకోమాట, అండాశయాలు మరీ ఉబ్బకుండా కొందరికి ఎగ్ పికప్ సమయంలో ఎనిమిది రోజులు ఇదే కాబెర్గోలిన్ ఇస్తారు. చీటీలో ఆ పేరు కనిపించినంత మాత్రాన ప్రొలాక్టిన్ సమస్య ఉన్నట్టు కాదు. ప్రొలాక్టిన్ కోసమే వాడుతున్నవాళ్లు మాత్రం ప్రెగ్నెన్సీ పాజిటివ్ వచ్చిన రోజే డాక్టర్‌కు ఫోన్ చేసి మాత్ర ఆపాలో కొనసాగించాలో అడగాలి.